ఎర్ర కారులో అమ్మ బోనం

ఈ ఘోరంలో ప్రాణనష్టం లేదు, భయపడకండి. పోయింది నా పరువొక్కటే. అదీ ఛత్రినాక నడిబజారులో, బోనాల రోజున, డప్పుల మోత మధ్య.

ఆ ఏడు అమ్మకు మోకాళ్ళ నొప్పులు. గుడిదాకా నడవలేదు. నెత్తికెత్తిన బోనాన్నేమో గుడిలోనే దించాలి, దారిలో దించకూడదు. మా అక్క మొగుడు, అంటే బావ, అప్పుడే పెద్ద ఫ్యామిలీ కారు కొన్నాడు. "అత్తమ్మ సీట్ల కూసుంటది, బోనం డిక్కీల పెడదాం" అన్నాడు. అమ్మవారి బోనం స్టెప్నీ టైరు పక్కనా అని అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ కారు కొన్నప్పటి నుంచీ ఇంట్లో అందరూ బావను పొగుడుతుంటే నాకు కడుపుమంట. శాలిబండలో నా దోస్తు ఖాజా భాయ్ దగ్గర వాళ్ళ నాన్న నాటి ఎర్ర స్పోర్ట్స్ కారుంది. రెండే సీట్లు, పైన కప్పు లేదు. కప్పే లేకపోతే బోనానికి అడ్డేముంది?

"నీది కారా బావా? చక్రాలున్న హాలు. కారంటే ఏందో రేపు చూపిస్త" అన్నాను.

ఖాజా భాయ్ తాళాలిస్తూ ఒక్కటే చెప్పాడు. "అమ్మ కోసమని ఇస్తున్న భాయ్. జర పైలం. దాని మీద వాన చుక్క గూడ పడనియ్యలే నేను."

అమ్మను కూర్చోబెట్టి, నెత్తిన బోనం పెట్టి, దాని మీది దీపం వెలిగించాం. దీపం ఆరకూడదని, పరుగు కోసమే పుట్టిన ఆ బండిని నడిచేవాళ్ళకన్నా మెల్లగా నడిపాను. వెనక బావ కారులో అక్కా, ఖాజా భాయ్ వస్తున్నారు. అమ్మ ముఖం వెలిగిపోతుంటే నాకు గర్వంతో ఛాతీ ఉబ్బిపోయింది.

బోనమెత్తిన ఆడవాళ్ళ కాళ్ళ మీద నీళ్ళు పోస్తారని మీకు తెలుసు, నాకూ తెలుసు. అమ్మ కాళ్ళు కారులోపల ఉన్నాయన్న సంగతే నాకు తట్టలేదు. మొదటి ఇంటి ముందే ఒకావిడ భక్తిగా తలుపు మీంచి బిందెడు పసుపునీళ్ళు లోపలికి కుమ్మరించింది. నేను చెయ్యి అడ్డం పెట్టబోయాను.

"బోనానికి నీళ్ళు వద్దంటవా? కండ్లు పోతయ్" అని అమ్మ కసిరింది.

మా గల్లీలో భక్తి మస్తు. ప్రతి ఇంటి ముందూ ఒక బిందె. మలుపు తిరిగేసరికి నా పాదాలు మునిగాయి, ఇంజను రెండుసార్లు దగ్గి ప్రాణం విడిచింది. దిగి తోశాను. వెనక్కి తిరిగి ఖాజా భాయ్ ముఖం చూసే ధైర్యం చాలలేదు.

గుడి ముందు ఆపి, లేవమ్మా అన్నాను. ఎలా లేస్తుంది? సీటు దాదాపు నేల మీద ఉంది, కాళ్ళేమో బార్లా చాపి ఉన్నాయి. తాదూర సందు లేదు, నెత్తికో బోనం. నేను పట్టి లేపబోతే బోనం ఊగింది, దీపం రెపరెపలాడింది. అమ్మ రెండు చేతులా బోనాన్ని పట్టుకుంది. ఏళ్ళ తరబడి తప్పని ఆమె మొక్కు నా గొప్పల వల్ల తప్పుతుందేమోనని నాకు ఏడుపొచ్చింది.

బావ తన కారులోంచి పానా తెచ్చి ఖాజా భాయ్ వైపు చూశాడు. ఖాజా భాయ్ కళ్ళు మూసుకుని, "ఇప్పేయ్ భాయ్, సీటు మళ్ళ బిగించుకోవచ్చు" అన్నాడు.

సీటుతో సహా అమ్మను, అక్కతో కలిసి నలుగురం భుజాలకెత్తుకున్నాం. డప్పులు జోరందుకున్నాయి. ఇదేదో కొత్త పద్ధతనుకుని జనం దారిచ్చి దండాలు పెట్టారు. దీపం ఆరకుండానే బోనం అమ్మవారి ముందు దిగింది.

బయట చెంబుతో కారులో నీళ్ళు తోడుతున్న నా దగ్గరికి అమ్మ నవ్వుకుంటూ వచ్చింది.

"వచ్చే ఏడు గంత కారెందుకు కొడుకా? గా కుర్చొక్కటి అడుక్కరా, సాలు."

తడిసిన ప్యాంటుతో, చేతిలో చెంబుతో అక్కడే ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఒక కారు పక్కన ఇంకో కారును పెట్టి మాట్లాడను. ఏది మంచిదని ఎవరైనా అడిగితే ఆటో ఎక్కి వెళ్ళిపోతాను.