మా ఆయన వాగు, నా ఎండ్రికాయ

ఇగో, నవ్వం అని ముందుగాల మాటియ్యుండ్రి, అప్పుడే చెప్త. గీ వేలు జూడుండ్రి, ఎట్ల వాసిందో! ఎండ్రికాయ పట్టింది. ఎందుకు పట్టిందంటరా? నా కుళ్లుతోని!

మా ఆయనది కల్వకుర్తి దిక్కు పల్లె. ఊరి పక్కనే వాగు. పెండ్లయినప్పటి సంది ఆ వాగు ముచ్చట్లే. "ఇసుకల చెలిమె తోడుకొని నీళ్లు తాగెటోళ్లం, బండ మీదికెళ్లి దునికెటోళ్లం..." బాగనే ఉన్నది. కానీ ఏ ముచ్చట జెప్పినా హీరోయిన్ ఒక్కతే, ఆయన మేనమామ బిడ్డ సుజాత! "సుజాత బొక్కల చెయ్యి పెట్టి ఎండ్రికాయలు గుంజేది, తెలుసా?" నేనేమో ఆలేరుల రైలు పట్టాల పక్కన పెరిగినదాన్ని. నాకేం ముచ్చట్లుంటయి? ప్యాసింజర్ లేటయిన ముచ్చట్లు! కడుపు మండదా మరి?

మొన్న ఆదివారం ఊరికి పోయినం. వానలు మంచిగ పడ్డయి, వాగు పారుతాంది. సుజాత ఆ ఊళ్లెనే ఉంటది. "అక్కా, వాగు జూద్దాం రా" అని నన్ను చెయ్యి పట్టుకొని తీస్కపోయింది. ఎన్కనే మా ఆయన. ఒడ్డుకు పోంగనే ఆయన మొఖం జూడాలె, పెట్రోమాక్స్ లైటే!

"సుజాతా, గీ బొక్క యాదికున్నదా?"

నాకు సుర్రుమన్నది. కుచ్చిళ్లు ఎత్తి చెక్కిన. "జరగుండ్రి, నేను దీస్త!"

"వద్దక్కా! అందరికి రాదు, దాన్ని ఎన్కకెళ్లి పట్టాలె" అన్నది సుజాత.

అందరికి రాదంట! పెట్టిన చెయ్యి. లోపల ఎవరో పటకారుతోని నొక్కినట్టే అయింది. "ఓయవ్వో!" అని ఎగిరిన. పాచి బండ, సర్రున కాలు జారింది. మోకాళ్ల లోతు నీళ్లల్ల మొత్తం మునిగిన! సుజాతే గుంజి లేపింది, ఎండ్రికాయను ఇడిపిచ్చింది. మా ఆయన? ఒడ్డు మీద కడుపు పట్టుకొని నవ్వుతున్నడు. ఇగ ఆయనతోని మాట్లాడలే.

ఇంటికి తీస్కపోయి సుజాత తన చీర కట్టిచ్చింది, వేలికి పసుపు పెట్టింది. బంగారమసొంటి పిల్ల, అదే నా బాధ! చెడ్డదైతే మనసారా తిట్టుకుందును.

తువ్వాల తలకు సుట్టుకొని, గోడ దిక్కు తిరిగి చాయ్ పెడుతున్న. మా ఆయన ఎన్కకెళ్లి పిల్లి లెక్క వచ్చిండు. మెల్లగ అడుగుతడు గదా,

"సుజాతా, మీ అక్కకు జర కోపం తగ్గిందా?"

నేను తిరగలే.

"యాడ తగ్గింది బావా!" అన్న.