మిరపకాయల ఏసీలో వీణ

నాకు వీణ నేర్పిన టీచర్‌గారు వైద్యానికని విజయవాడలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్తూ తన వీణ నాకు అప్పజెప్పారు. "మెత్తటి గుడ్డతో తుడువు. ఎండ తగలనీకు. దాని గొంతు పోతే నాకింకేం మిగలదే" అన్నారు. ఆ మాటతో నా మనసుకి స్థిమితం లేకుండా పోయింది.

గుంటూరులో ఏప్రిల్ చివరి ఎండ సంగతి చెప్పాలా! వీణ మెట్లు నిలబడేది మైనం మీద. మైనం మెత్తబడిందా, మెట్టు జరుగుతుంది, స్వరం తప్పుతుంది. పైగా మిరప సీజను, ఇల్లంతా ఎర్రదుమ్ము. రోజుకి మూడుసార్లు తీగల కింద గుడ్డ దూర్చి తుడిచేదాన్ని. మెట్ల మధ్య చిన్న కుంచెతో దులిపేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. మైనం నొక్కి చూస్తే నా వేలిముద్ర పడింది.

"దీనికింత ఏడుపెందుకే? రేపు మన బస్తాలు ఏసీకి పోతన్నాయిగా, దాన్నీ పంపిద్దాం" అన్నారు మా ఆయన. మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీని మా వైపు ఏసీ అనే అంటాం. "నెలల తరబడి కాయే రంగు పోకుండా ఉంటది. చెక్కకేమవుద్ది?"

నాకైనా బుద్ధి ఉండొద్దా! తెల్ల పంచెలో చుట్టి, పైన దుప్పటి కప్పి, దగ్గరుండి మరీ ఆటోలో ఎక్కించాను. మూడు వారాలు నిశ్చింతగా ఉన్నాను కూడా.

ఎల్లుండి టీచర్‌గారు వస్తున్నారని వాళ్ల చెల్లెలు ఫోన్ చేస్తే వీణ తెప్పించాను. దుప్పటి విప్పగానే మిరప ఘాటు. తుమ్మి తుమ్మి చచ్చాను. చూస్తే చెక్కంతా చెమట పట్టింది. తుడిచాను. మళ్లీ పట్టింది. మళ్లీ తుడిచాను.

మిరప రైతు ఇంట్లో పుట్టినదానికి తడి కనపడితే ప్రాణం నిలవదు. తడి కాయని కల్లంలో పోసి ఆరబెట్టడమే మాకు తెలిసిన వైద్యం. టీచర్‌గారి మాట గుర్తులేక కాదు. పది నిమిషాలే కదా అనుకున్నాను. మైనానికి ఎండ తగలకుండా బోర్లించి, వీణ గుండ్రటి కుండ అడుగుభాగం ఎండవైపు ఉండేలా డాబా మీద పరుపేసి పెట్టాను. పట్టుమని పది నిమిషాలు కాలేదు, టప్‌మంది. పరుగెత్తాను. కుండకి జానెడు పొడవున వెంట్రుకంత చీలిక.

మంద్రం తీగ మీటి చూశాను. జీర!

"కాస్త నల్లమైనం పుయ్యి. ఆవిడకేం కనపడుద్ది?" అన్నారు మా ఆయన.

"మీ సలహాలకో దణ్ణమండీ" అని అరిచాను. అరిచి, వెళ్లి మైనం పూశాను. సిగ్గులేదు నాకు. కనపడలేదు గానీ జీర పోలేదు.

టీచర్‌గారు వచ్చి చాప మీద కూర్చుని వీణ ఒళ్లోకి తీసుకున్నారు. శ్రుతి చెయ్యకుండానే మంద్రం మీటారు. జీర గదంతా వినిపించింది. ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు. నాకేం అర్థం కాలేదు.

"ఎలా పలుకుతోందే?" అన్నారు. "చెవులు మందగించాయి. మందులేసినా లాభం లేదన్నారు. ఇక నువ్వే విని చెప్పాలి."

బాగుందండీ అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆవిడ నా పెదాల వంకే చూస్తున్నారు.

"జీర వస్తోందండీ. నేనే పాడుచేశాను" అన్నాను గట్టిగా. ఏసీ, ఎండ, పూసిన మైనం, అన్నీ ఏడుస్తూ చెప్పాను. చీలిక ఎక్కడో వేలు పెట్టి చూపించాను.

"ఎంత పని చేశావే!" అన్నారు. నా వైపు చూడకుండానే వీణ నా ఒళ్లోకి తోసి, కుండ మీద చీలిక ఉన్నచోట అరచెయ్యి ఆనించారు. "మీటు."

మీటాను. ఆవిడ ఉలిక్కిపడ్డారు. ఆ గరగర ఆవిడ చేతికి తగిలింది. నేను భయపడి తీగ పట్టుకుని ఆపేశాను.

"ఎందుకాపావే?" అని కసిరారు. "నెల దాటింది, నాకిది వినపడక. ఇప్పుడు చేతికి తెలుస్తోంది. ఊఁ, మీటు."