ఎడమకాలి పంతం

ర్యాలీ పందేల్లో ఆరితేరిన జాతి జపాను కారది. బానెట్ మీద గాలి పీల్చే ముక్కు, డిక్కీ మీద రెక్క, హంగులన్నీ ఉన్నాయి. క్లచ్చే లేదు, గేర్లు వాటంతటవే పడతాయి. ఒకప్పుడు మట్టిదారుల్లో పందేలు గెలిచిన పెద్దాయన రోజూ దాన్ని పసిబిడ్డకు ఒళ్ళు తుడిచినట్టు తుడుస్తాడు. మోకాలు పాడై ఎడమకాలిలో సత్తువ పోయింది. అయినా మలుపు వస్తే చాలు, ఆ కాలు లేని క్లచ్ కోసం వెతుక్కుంటుంది. కాలి సంగతి పాత జట్టువాళ్ళకు తెలియకూడదని ఆయన పంతం. చచ్చేంత పంతం.

ఆ రోజు షెడ్డు ముందు కారాపగానే పాత జట్టు మెకానిక్ బానెట్ మీద చరిచాడు. "ఏం బావా, గేర్లు మార్చడానికి బద్ధకమా? పులికి పళ్ళు పీకించావే!"

పక్కసీటులోంచి పెద్దాయన భార్య అందుకుంది. "నేనే పట్టుబట్టి కొనిపించా అన్నయ్యా. నాకు గేర్లంటే భయం."

"అయితే నడుపమ్మా, చూద్దాం!"

ఆవిడ జన్మలో స్టీరింగు పట్టి ఎరగదు. దిగి డ్రైవరు తలుపు వైపు వచ్చి, మొగుడి చెయ్యి తన భుజాన వేసుకుని, మురిపెంగా నవ్వుతూ పక్కసీటుకు నడిపించింది.

"ఈ వయసులో సరసాలా!" అని మెకానిక్ పగలబడి నవ్వాడు. ఆయన కుంటడం ఎవరి కంటా పడలేదు. ఆవిడ వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంది.

"బ్రేకు మీంచి కాలు మెల్లగా తియ్యి," అన్నాడాయన పెదవి కదపకుండా. కారు పాకుతూ మలుపు తిరిగింది.

"ఇంకెవరూ చూడరు. ఆపెయ్యనాండీ?" అందావిడ చెమటలు కక్కుతూ.

ఆయన ఎడమకాలు ఖాళీ మ్యాట్‌ను మెల్లగా నొక్కింది.

"అప్పుడేనా? పోనియ్యవే."