ఐడాబెల్ రిజర్వులో పడిన రోజు

మోటారు సైకిళ్ళంటే నాకు ఒళ్ళు మంట. వాటి పుణ్యమా అని నాలుగు డబ్బులు కళ్ళజూస్తూ కూడా ఈ మాట అంటున్నాను, ఏమైనా అనుకోండి. హార్లన్ వెల్స్‌లో ఉన్న ఒకే ఒక్క పెట్రోలు పంపు నాది, దాని పక్కనున్న హోటలూ నాదే. ఇక్కడ వదిలి పడమటికి పోతే మళ్ళీ పెట్రోలు దొరికేది కార్వర్‌లోనే. మధ్యలో రెండు కనుమలు, ఎండిపోయిన ఉప్పు చెరువు, అడ్డూ ఆపూ లేని గాలి. వేరుశెనక్కాయంత ట్యాంకు పెట్టుకుని వస్తారు పెద్దమనుషులు. ఎదురుగాలి తగిలితే సగం దారి కూడా పోవు ఆ బండ్లు. ఆ సంగతి ఇంతింత అక్షరాలతో బోర్డు రాయించి పంపు నెత్తిన కొట్టించాను. దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతారు తప్ప చదివేవాడేడీ?

ఐడాబెల్ స్ట్రౌడ్ సంగతి చెబుదామని కూర్చుని నా ఏడుపు మొదలుపెట్టాను. అలవాటు, పోదు.

ఐడాబెల్ రోడ్ల శాఖలో మంచు తోసే బండి నడిపి రిటైరైంది. నాకంటే పెద్దది. చిన్నప్పుడు పక్కపక్క ఇళ్ళలో పెరిగాం కనక ఇప్పటికీ నన్ను ఒరేయ్ అనే పిలుస్తుంది. పొద్దున్నే వచ్చి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటుంది. ఒక చేతిలో కాఫీ, ఎదురుగా ‘యాపిల్ పై’ అనే తీపి రొట్టె ముక్క. కళ్ళు మాత్రం బయట పంపు మీద. బండి ఆగగానే ట్యాంకు చూస్తుంది, గాలి ఎటునుంచి వీస్తోందో చూస్తుంది, నడిపేవాడి బరువు కూడా చూస్తుంది. ఆపైన లేచి వెళ్ళి మెల్లగా చెబుతుంది.

"నాయనా, ఈ ట్యాంకుతో రెండో కనుమ ఎక్కలేవు. ఓ డబ్బా కట్టుకుని పో."

వాళ్ళు నవ్వుతారు. "ఈ బండి సంగతి నీకు తెలీదు మామ్మా" అంటారు. సరే నాయనా అని వచ్చి కూర్చుని పై ముక్క తినడం పూర్తి చేస్తుంది. ఇంకో కాఫీ తాగుతుంది. తరవాత తన పాత బండి వెనక ఎర్ర డబ్బా ఒకటి తాళ్ళతో బిగించి, వాళ్ళ వెనకే బయల్దేరుతుంది.

"నీకేం పట్టిందే? నాలుగ్గంటలు ఎండలో మాడితే వాడికే బుద్ధొస్తుంది" అని నేను అరుస్తాను.

"బుద్ధి రావడానికి బతికుండాలి కదరా" అని హెల్మెట్ తగిలించుకుంటుంది.

మా దారిలో ఒక మర్యాద ఉంది. ఊరికే అలసట తీర్చుకోవడానికి ఆగినవాడు హెల్మెట్ బండి మీదే తగిలిస్తాడు. ఆపదలో ఉన్నవాడు దాన్ని తీసి రోడ్డు అంచున నేల మీద పెడతాడు. ఫోన్లు పలకని చోట అదే మాకు కబురు. బండి మీద పోయేవాడెవడైనా అది చూసి ఆగి తీరాలి. ఆగకుండా పోయినవాడికి నా హోటల్లో కాఫీ పొయ్యను, ఆ పట్టింపు నాకూ ఉంది.

ఐడాబెల్ అలా ఎంతమందికి పెట్రోలు పోసిందో ఆమెకే తెలియదు. ఇన్నేళ్ళలో "నే ముందే చెప్పలేదూ?" అన్న మాట ఆమె నోట ఎవరూ వినలేదు. నేనైతే ఆ మాట అనడానికే అంతదూరం వెళ్ళేవాణ్ణి. ఇంకొకటి, నువ్వు ఎటు పోవాలో అడిగి అక్కడిదాకా సరిపడా పోస్తుంది. దగ్గరి ఊరిదాకా చాలు అంటే ఒప్పుకోదు. "సగానికి పోసేదాన్నయితే ఇంట్లోనే కూర్చునేదాన్ని" అంటుంది. పోశాక డబ్బా కూడా చేతిలో పెట్టేస్తుంది. "నింపి, అటో ఇటో ఏదో ఒక ఊళ్ళో ఇచ్చెయ్." డబ్బాల మీద గుర్తుగా తెల్ల రంగుతో అడ్డపట్టీ వేసి ఉంటుంది. దాదాపు అందరూ పడమటికే పోతారు కాబట్టి అవన్నీ కార్వర్‌లో, బస్సులు ఆగేచోట ఉన్న ట్రూడీ హోటల్లో పోగుపడేవి. ఇక్కడ నా హోటల్లో డబ్బాలు పెట్టే అర ఖాళీ అయ్యేది.

"పోయాయిగా నీ డబ్బాలు!"

"పోలేదురా. పడమటికెళ్ళాయి."

ఇక ఆమె చాదస్తం గురించి చెప్పాలి. పాత బండ్లకు ట్యాంకు కింద పెట్రోలు మీట ఉంటుంది. మామూలుగా ఉంచితే అడుగున కాస్త మిగిల్చి ధార ఆగిపోతుంది. ఆ మిగిలిందే రిజర్వు. ఇంజను దగ్గినట్టు మొరాయించగానే మీట కిందికి తిప్పి, ఆ కాస్తతో పంపు దాకా చేరాలి. నింపగానే మీట మళ్ళీ పైకి తిప్పాలి. మరిచిపోతే ఆ తరవాత దగ్గూ ఉండదు, రిజర్వూ ఉండదు. చివరి బొట్టు కూడా చెప్పాపెట్టకుండా అయిపోతుంది. ఐడాబెల్ నా పంపు దగ్గర మోకాళ్ళ మీద వంగి, ముక్కూ మొహం తెలియనివాళ్ళ బండ్లకు కూడా ఆ మీట చూసేది. "తిప్పావా నాయనా? తిప్పు. నా మాట విను." జనం ఈమెకు పిచ్చేమో అన్నట్టు నా వైపు చూసేవాళ్ళు. నేను ఆకాశం వైపు చూసేవాణ్ణి.

ఆమెకు ఒక్కతే కూతురు, నెల్డా. నెల్డా పెళ్ళి రీనో పట్నంలో జరిగింది. ఐడాబెల్ తెల్లారకుండానే బండి మీద బయల్దేరింది. దారిలో హెల్మెట్ నేల మీద కనబడింది. ఆగింది. వాళ్ళ బండికి పెట్రోలు ఒక్కటే కాదు, గొట్టం కూడా పగిలిందట. దాన్ని బాగుచేసి, నూనె చేతులతో చర్చి మెట్లెక్కేసరికి ఉంగరాలు మార్చుకోవడం కూడా అయిపోయింది. నెల్డా అందరిముందూ ఒకే మాట అంది. "దారినపోయే దానయ్యలకున్న పాటి విలువ నాకు లేదు కదమ్మా." తరవాత మాటలు లేవు. క్రిస్మస్‌కు ఒక కార్డు మాత్రం వచ్చేది. దాన్ని ఐడాబెల్ చొక్కా జేబులో పెట్టుకుని వేసవి దాకా తిరిగేది. కానీ ఆమె ముందు ఆ మాట ఎత్తితే చంపేస్తుంది.

ఈ ఆగస్టులో నెల్డానే ఫోన్ చేసింది. ఏదో పని మీద బస్సులో పోతోంది, కార్వర్‌లో బస్సు మారాలి, పొద్దున దిగితే రెండున్నరకు ఇంకో బస్సు. "రావాలనుంటే రా" అంది. అంతే.

ఐడాబెల్ ఆ రోజు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చింది. ఆమె జుట్టు దువ్వుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. నా ముంగిట్లోకి వస్తుండగానే బండి దగ్గింది. మీట తిప్పి రిజర్వులోనే పంపు దాకా వచ్చింది. నేను నింపాను. డబ్బా తెచ్చి వెనక కట్టబోతే చెయ్యి పట్టుకుంది.

"వద్దురా. ఇవాళ ఎవరికీ ఆగను."

"నువ్వా?"

"ఒట్టు. రోడ్డు మీద రోములో ఉండే పోప్ గారే కూర్చున్నా సరే, చెయ్యి ఊపి పోతాను." నవ్వబోయి, చొక్కా గుండీ సరిచేసుకుంది. "ఈసారి కూడా పోగొట్టుకుంటే ఇంక పిలవదురా ఎమ్మెట్."

పై ముక్క కూడా ముట్టుకోకుండా వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం హోటల్ ఫోన్ మోగింది. నెల్డా.

"బాబాయ్, మా అమ్మ బయల్దేరిందా?"

"పొద్దున్నే బయల్దేరిందమ్మా. ఈపాటికి రావాలే!"

"రాలేదు. సరే బాబాయ్, బస్సు నా కోసం ఆగదు" అని పెట్టేసింది.

ఫోన్ ఇంకా చేతిలో ఉండగానే నీలం బండి ఒకటి పంపు ముందు ఆగింది. గడ్డపాయన ఒకడు లోపలికొచ్చి నీళ్ళడిగి, కుర్చీలో కూలబడి, తనంతట తనే మొదలుపెట్టాడు. ఉత్తరాన పాత గనుల మట్టిదారిలోంచి వచ్చాడట. పెద్దరోడ్డెక్కాక రెండో కనుమ కింద పెట్రోలు అయిపోయింది.

"ఎవరో పెద్దావిడ. మొదట చెయ్యి ఊపి వెళ్ళిపోయింది. నేను దేవుణ్ణి తిట్టుకుంటూ కూర్చున్నా. అంతలోకే బండి తిప్పుకుని వచ్చేసింది! డబ్బా లేదు. తన ట్యాంకు గొట్టమే లాగి నా నీళ్ళ సీసాలోకి పట్టింది, మళ్ళీ మళ్ళీ పట్టింది. కార్వర్ దాకా చాలమ్మా అన్నా. ఎటు పోవాలన్నావ్, హార్లన్ వెల్స్ కాదూ అని కసిరింది."

"ఎంత పోసింది?"

"ధార ఆగిపోయేదాకా. ఆగింది కనక రిజర్వు మిగిలినట్టే, కనుమ దాటితే కార్వర్ దాకా దిగుడే, నాకు చాలు అంది."

వేళ్ళ మీద లెక్క వేసుకున్నాను. పొద్దున రిజర్వులో వచ్చింది. నేను నింపాను. ఆమె చేతులు జుట్టు మీదా చొక్కా మీదా ఉన్నాయి గానీ మీట మీదికి పోలేదు. లోకానికంతా నేర్పిన మనిషి, కూతురి ధ్యాసలో పడి తన మీట తిప్పుకోవడం మరిచిపోయింది. ధార ఆగింది రిజర్వు దగ్గర కాదు, అడుగంటి ఆగింది.

హోటల్ ఆ గడ్డపాయనకే అప్పజెప్పి, డబ్బా నింపుకుని ట్రక్కు ఎక్కాను. దారి పొడుగునా ఆమెను తిట్టాను. నన్నూ తిట్టుకున్నాను, ఆ మీట నేనైనా చూడొచ్చు కదా! నా ట్రక్కు అంత వేగంగా పోగలదని నాకే తెలియదు.

రెండో కనుమ మీద, కొస ఇంకా రెండు మలుపుల దూరం ఉందనగా, రోడ్డు అంచున హెల్మెట్ కనబడింది. ఐడాబెల్ హెల్మెట్. నా కళ్ళు చెమర్చాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆ రెండు మలుపులూ దాటి ఉంటే బండి దానంతటదే కార్వర్ వైపు దొర్లేది. పాపం, ఇంజనులో మిగిలిన నాలుగు చుక్కలూ అయిపోయాక, ఆ ఎత్తున ఒక మలుపు దాకా తోసుకుంటూ వచ్చినట్టుంది, చొక్కా అంతా చెమట. బండి నీడలో చతికిలబడి ఉంది.

"నీ మీట..." అన్నాను.

"తెలుసురా. నోర్మూసుకో." లేవడానికి ప్రయత్నించి మళ్ళీ కూర్చుంది. "టైమెంత?"

చెప్పాను. రెండు దాటింది.

"అయిపోయింది. ఇప్పుడు పోసినా అందుకోలేను." చేతుల్లో మొహం పెట్టుకుంది. "చెయ్యి ఊపి వెళ్ళిపోయానురా. నిజంగానే వెళ్ళిపోయాను. అద్దంలో ఆ హెల్మెట్ కనబడుతూనే ఉంది. నా వల్ల కాలేదు."

నేను డబ్బా దించి మూత తిప్పబోయాను. అంతలో కొస మీద నుంచి ఒక పాత ట్రక్కు దిగివచ్చింది. హెల్మెట్ చూడగానే ఆగింది. తలుపు తీసుకుని నెల్డా దిగింది. చేతిలో ఎర్ర డబ్బా, దాని మీద తెల్ల పట్టీ.

తల్లి అక్కడే బిగుసుకుపోయింది. నేను మాత్రం, నా జన్మలో అంత చురుగ్గా ఏ పనీ చేసి ఉండను, నా డబ్బా ఎత్తి ట్రక్కులో పెట్టి, దాని మీద టార్పాలిన్ లాగేశాను.

నెల్డా తల్లి మొహం చూడలేదు. తిన్నగా బండి దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద వంగింది.

"రిజర్వులోనే ఉంది" అంది.

"ఊఁ."

"నింపగానే తిప్పమని నా చెవిలో జోరీగలాగా పోరింది ఎవరో?"

"నేనే."

"ఎవరికి పోశావ్?"

"ఎవరో గడ్డపాయన. నెల్డా, నేను ఆగకూడదనే..."

"తెలుసు. నువ్వు రాకపోయేసరికి మొదట తిట్టుకున్నా. తర్వాత, ఏ మూలో ఎవడో హెల్మెట్ కింద పెట్టుంటాడు అనుకున్నా. ట్రూడీ దగ్గర నీ పేరు చెప్పాను. మారు మాట్లాడకుండా ట్రక్కు తాళాలు చేతిలో పెట్టింది. వెనక గదిలో నీ డబ్బాలు చూశానమ్మా. గోడ కనబడ్డం లేదు. అన్నీ నిండుగా ఉన్నాయి." నెల్డా మీట మీద నుంచి చెయ్యి తీసింది. "నా పెళ్ళినాడు పోశావే, వాళ్ళు ఎక్కడికి పోతున్నారు? ఇన్నేళ్ళూ అడగాలనుకున్నా. ఆస్పత్రికా?"

ఐడాబెల్ నేల చూపులు చూసింది.

"చేపలు పట్టడానికే."

నెల్డా పకాలున నవ్వింది. పొట్ట పట్టుకుని, రోడ్డు మీద కూర్చుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపులోకి దిగింది. తల్లి వెళ్ళి పక్కన కూలబడింది. నేను చాలాసేపు ఉప్పు చెరువు వైపు చూస్తూ నిలబడ్డాను.

పెట్రోలు నెల్డానే పోసింది, ఒక్క బొట్టు ఒలక్కుండా. మీట తనే పైకి తిప్పింది. బస్సు ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటుంది, దాని ఊసు ఇద్దరూ ఎత్తలేదు. ముందు తల్లి బండి, వెనక కూతురి ట్రక్కు, కార్వర్ వెళ్ళి ట్రూడీకి తాళాలిచ్చి, రాత్రికి హార్లన్ వెల్స్ రావాలని అనుకున్నారు. ఎక్కబోతూ నెల్డా నా మీద పడింది.

"అయినా నిన్ననాలి బాబాయ్! ఊళ్ళో ఉన్న ఒక్క పంపూ నీదే, చేతులూపుకుంటూ వచ్చావా? సిగ్గు లేదూ?"

"తొందరలో మరిచిపోయానమ్మా" అన్నాను, తల దించుకుని.

నెల్డా విసవిసా ట్రక్కెక్కి తలుపేసుకుంది. ఐడాబెల్ హెల్మెట్ తగిలించుకుని, బండి తిప్పుకుంటూ నా పక్కన ఒక్క క్షణం ఆపింది.

"ఒరేయ్ ఎమ్మెట్, ఆ టార్పాలిన్ సరిగ్గా లాగు. మూత కనబడుతోంది."