చచ్చిన తుపాకి

ఆయన అసలు పేరు పెళ్లి శుభలేఖలో ఒకసారి అచ్చయింది. ఆ తర్వాత దాన్ని పలికిన పాపాన ఎవరూ పోలేదు. ఊరందరికీ ఆయన భూతద్దం. పగలంతా కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. సాయంత్రమయ్యేసరికి దుకాణం షట్టరు సగానికి దించి, వెనక గదిలో పాత గాలి తుపాకులు ముందేసుకుని కూర్చునేవాడు. భార్య ఉన్నప్పుడు ఆవిడ ఆ గదిని సవతి అనేది. ఆవిడ పోయి పన్నెండేళ్లయింది, సవతి మాత్రం నిక్షేపంగా ఉంది.

ఆ గదిలో యాభై మూడు తుపాకులుండేవి. మందూ మంటా అక్కర్లేని సరుకు అది. గొట్టాన్ని మడత దగ్గర వంచితే లోపలి స్ప్రింగు ముడుచుకుంటుంది. ట్రిగ్గరు నొక్కగానే అది విచ్చుకుని, తోలు వాషరున్న పిస్టన్‌ని తోస్తుంది. ఆ గాలికి మిరియపు గింజంత సీసపు గుండు దూసుకుపోతుంది. ఏ తుపాకి ఏ కార్ఖానాలో, ఏ కాలంలో పుట్టిందో చెప్పడం భూతద్దం విద్య. దాని మీద చెక్కిన పేరు వైపు కన్నెత్తి కూడా చూసేవాడు కాదు. "పేరుదేముందండీ, ఎవడైనా చెక్కుతాడు" అనేవాడు. ముందు స్క్రూల తలలు చూసేవాడు. గాడి అంచులు నలిగి ఉంటే ఎవరో విప్పి కెలికారన్నమాట. ఆ తర్వాతే చెక్క పిడి ఊడదీసి, గొట్టం అడుగున కొట్టిన అంకె చదివేవాడు.

ఒకసారి ఒక పెద్దమనిషి పట్టుబట్టలో చుట్టిన తుపాకిని పసిపాపలా ఎత్తుకొచ్చాడు. మా ముత్తాతది, ఇంట్లో అందరం దీని కథలు వింటూ పెరిగాం అన్నాడు. భూతద్దం పది నిమిషాలు చూసి, "మీ ముత్తాతగారు పోయిన పాతికేళ్లకి పుట్టిందండీ ఇది" అని చేతిలో పెట్టేశాడు. ఆ మనిషి ముఖం మాడిపోయింది. కాస్త మెత్తగా చెప్పొచ్చుగా అని ఎవరైనా అంటే, నిజానికి మొహమాటమేంటి అనేవాడు. తెలియదు అన్న మాట ఆయన నోట ఎవరూ వినలేదు. అన్న మాట వెనక్కి తీసుకోవడమూ ఎవరూ చూడలేదు. ముప్ఫై ఏళ్లలో అది ఆయన పరువైంది, కాస్త పొగరు కూడా అయింది.

ఆ పరువుకి ఊళ్లో అందరికంటే ఎక్కువ డప్పు కొట్టింది ఆయన అక్క. తల్లి చిన్నప్పుడే పోతే, తొమ్మిదేళ్లు పెద్దదైన అక్కే పెంచింది. "మావాడి నోట తప్పు రాదు" అని ఇరుగుకీ పొరుగుకీ చెప్పి చెప్పి, తానే అందరికంటే గట్టిగా నమ్మింది. ఆమె భర్త బస్సు డ్రైవరు. నోరు తెరిస్తే వేళాకోళం, బస్సులో జనం దిగడం కూడా మరిచి నవ్వేవారు.

ఆ బావకి ఒక తుపాకి మీద మనసైంది. ముదురు రంగు చెక్క, పిడి మీద ఆకుల చెక్కడం. ముందు గదిలో గోడకి తగిలించుకుంటానన్నాడు. భూతద్దం దాన్ని పాత సామాన్ల కొట్లో కొని అప్పటికి నాలుగు రోజులే అయింది. కొన్నరోజే ఒక గుండు పెట్టి నొక్కి చూశాడు. తుస్సుమంది. గుండు గొట్టం మధ్యలోనే చిక్కుకుపోయింది. స్ప్రింగు విరిగిందని తేల్చేశాడు.

విప్పి చూడలేదు. ఆ స్క్రూల గాడులు కార్ఖానాలో బిగించిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి మరి. ఇన్నేళ్లలో ఒక్క స్క్రూడ్రైవరు కూడా వాటిని తాకలేదు. అలాంటివి చేతికి రావడం అరుదు, విప్పడానికి ఆయనకి చెయ్యి రాలేదు. చువ్వ పెట్టి పొడిస్తే గొట్టం లోపలి మెలికల గాడులు గీసుకుపోతాయని చిక్కుకున్న గుండునీ అలాగే వదిలేశాడు. చచ్చినదైనా తోలు పగలకూడదని, అలవాటు కొద్దీ నాలుగు చుక్కల నూనె మాత్రం లోపలికి వదిలాడు. వాళ్లింటికి వెళ్లి, గోడకి మేకు కూడా తనే కొట్టి తగిలించాడు.

"ఇది చచ్చిన తుపాకి బావా. చూసుకుని మురిసిపోవడానికే" అన్నాడు.

"అయితే మా బస్సుకి తోడన్నమాట" అన్నాడు బావ.

మూడు వారాలకి అక్కాబావలకి మాటా మాటా వచ్చింది. ఇంట్లో చెప్పకుండా ఉద్యోగం మానేసి వచ్చాడతను. అక్క రెండు రోజులు మూతి ముడుచుకుని ఉంది. మూడోరోజు పొద్దున ఆమెని నవ్విద్దామని బావ తుపాకి దించాడు. గొట్టం వంచి చూశాడు. గుండు పెట్టే చోట ఏమీ లేదు. చప్పుడు కోసం మళ్లీ మూసి గురిపెట్టాడు. "మాట్లాడతావా, కాల్చమంటావా?" అన్నాడు. ఆ మాట పక్కింటి దర్జీకి స్పష్టంగా వినబడింది. వెంటనే పేలుడూ వినబడింది.

అక్క ఎడమ కన్ను పోయింది.

ఆ సాయంత్రమే ఇన్‌స్పెక్టరు దుకాణానికి వచ్చాడు.

"మీరిచ్చినప్పుడు ఇది పనిచేసేదా?"

"లేదు. చచ్చిన తుపాకి. నేనే చూశాను."

"అంటే తర్వాత ఎవరో బాగుచేసి, గుండు పెట్టారన్నమాట."

"అంతేగా మరి!" అన్నాడు భూతద్దం. బావ మీద ఒళ్లు మండిపోతోంది. చిక్కుకున్న గుండు ఆ క్షణాన గుర్తుకే రాలేదు. చచ్చినదాంట్లో గుండు ఉంటేనేం, లేకుంటేనేం అని వదిలేసిన సంగతి అది. కాగితం చదవకుండానే సంతకం పెట్టాడు.

పదకొండు రోజుల తర్వాత, తుపాకిని గుర్తుపట్టడానికి స్టేషనుకి పిలిచారు. బల్ల మీద పెట్టగానే అలవాటుగా స్క్రూల తలలు చూశాడు. గాడులు చెక్కుచెదరలేదు. ఎవరూ విప్పలేదు. విప్పకుండా స్ప్రింగు మార్చడం ఎవరి తరమూ కాదు. "దీన్నెవరూ విప్పలేదు సార్" అంటూ ఆ గాడులు ఇన్‌స్పెక్టరుకి చూపించాడు.

ఇన్‌స్పెక్టరు విప్పమన్నాడు. మొదటిసారి ఆ స్క్రూలు తిరిగాయి. లోపల స్ప్రింగు నిండుగా ఉంది. అది ఎన్నడూ విరగలేదు. ఎండిపోయిన తోలు గాలి పట్టలేక ఆనాడు తుస్సుమంది, అంతే. ఆయన వేసిన నూనెలో మూడు వారాలు నాని, తోలు మెత్తబడి, తుపాకికి ప్రాణం వచ్చింది. మిగిలిన నూనె గాలి ఒత్తిడికి వేడెక్కి భగ్గుమని, చిక్కుకున్న గుండుని ఇంకా జోరుగా తోసింది. తోలు మీద వేలు పెట్టాడు. ఇంకా తడిగానే ఉంది.

"తప్పు నాది సార్" అని మొదలుపెట్టి అంతా చెప్పాడు. ఇన్‌స్పెక్టరు చివరిదాకా విన్నాడు.

"మొన్న చచ్చిందన్నారు, ఇవాళ బతికే ఉందంటున్నారు. అక్క కాపురం నిలబెట్టాలని మీకుంటుంది, కాదనను. కానీ స్క్రూ తల చూపిస్తే ఎవరు నమ్ముతారండీ? అదీ ఇప్పుడు మీరే విప్పేశారు."

కోర్టులోనూ చెప్పాడు. ప్రభుత్వం తరఫు వకీలు ఒకే ప్రశ్న వేశాడు. ముప్ఫై ఏళ్లలో ఇలా ఎన్నిసార్లు పొరబడ్డారు? "ఇదొక్కసారే" అన్నాడు భూతద్దం. వకీలు ఇంకేమీ అడగకుండా కూర్చున్నాడు. దర్జీ తాను విన్న మాట చెప్పాడు. బావకి మూడేళ్ల జైలు పడింది.

లోకం నమ్మకపోతే పోనీ, అక్క నమ్మితే చాలనుకున్నాడు. ఆమె ఇప్పుడు తమ్ముడి ఇంట్లోనే ఉంటోంది. నమ్మితే వెళ్లి భర్తని చూస్తుంది, ఆ మనిషి జైల్లో బతికి బట్టకడతాడు. ఒకరోజు ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, తను కింద కూర్చుని, స్ప్రింగూ తోలూ గుండూ నూనే అన్నీ విడమరిచి చెప్పాడు. చెబుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

అక్క ఆయన తల నిమిరింది.

"అబద్ధం చెప్పడం నీకు చేతకావట్లేదురా. ఎన్నడూ చెప్పినవాడివి కాదుగా."

"అబద్ధం కాదక్కా! నా మీద ఒట్టు."

"నా కాపురం కోసం ఇన్ని నిందలు నెత్తిన వేసుకుంటున్నావు. తుపాకి చచ్చిందని నువ్వన్నావంటే చచ్చినట్టే. ఆయనే ఏదో చేశాడు. నన్ను చంపాలనుకున్న మనిషి ముఖం నేను చూడను. ఇంకెప్పుడూ ఆయన కోసం నా దగ్గర అబద్ధమాడకు."

ఆ తర్వాత కూడా చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఆమెకి తమ్ముడి మీద ప్రేమ పెరిగింది, మొగుడి మీద కక్ష గట్టిపడింది. ఎవరైనా తుపాకి పట్టుకొస్తే ఇప్పుడాయన చూడనంటాడు. వాళ్లు బతిమాలతారు. మీ అంతటివారు లేరంటారు.

నెలకోసారి జైలుకి వెళతాడు. బావ బాగా చిక్కిపోయాడు. అక్క ఆరోగ్యం అడుగుతాడు, కన్ను సలుపుతోందా అని అడుగుతాడు. వేళాకోళాలు మానేశాడు. లేచే ముందు మాత్రం ఇనుప జాలీ దగ్గరికి జరుగుతాడు.

"నమ్మిందా?"

"లేదు బావా."

"ఈసారి ఇంకొంచెం సరిగ్గా చెప్పి చూడు."

సరేనంటాడు భూతద్దం.