నేను సుద్ద ముట్టని మూడు రోజులు

మొన్న మనవరాలి బడి నుంచి ఫోన్లో కబురొచ్చింది. కొత్త టైంటేబుల్ వేస్తున్నారట, తల్లిదండ్రులంతా సలహాలివ్వాలట. "వాళ్లనుకున్నదే వేస్తరు అత్తమ్మా, మనల్ని ఊకెనే అడుగుతరు" అని కోడలు ఫోను పక్కన పడేసింది. ఒకప్పుడు నేనూ అచ్చం అలాగే అనుకున్నదాన్ని.

బీదర్ మైసూరు రాష్ట్రంలో కలిసిన కొత్తల్లో అక్కడొక బడిలో తెలుగు చెప్పేదాన్ని. ఉర్దూ, కన్నడ తరగతులు కిటకిటలాడేవి. నా తెలుగు పిల్లలు పద్నాలుగు మంది, అంతా చింతకి అనే ఊరికి పోయే బస్సు దారిలోని పల్లెల వాళ్లు. అంతకుముందు ఏడాదే మరాఠీ తరగతి ఒక్క కాగితంతో మాయమైంది. పిల్లలు తగ్గారని రాశారంతే. అప్పటినుంచి నాకు ఎవరు నవ్వి పలకరించినా అనుమానమే. ఏ పుట్టలో ఏ పాముందో! కన్నడ మాస్టరు జొన్నరొట్టె తెచ్చి పెడితే, తింటూనే ఇదెందుకు పెట్టాడా అని ఆలోచించేదాన్ని.

ఆ ఏడు కొత్తగా వచ్చిన పెద్దసారు టైంటేబుల్ తానొక్కడే వేయనన్నారు. వరండాలో నల్లబల్ల పెట్టించి, గళ్లు గీయించి, ఎవరికి అనువైన గంటలో వాళ్ల పాఠం పేరు రాసుకోమని మూడు రోజుల గడువిచ్చారు. ఒకరిది ఒకరికి అడ్డొస్తే వాళ్లే మాట్లాడుకోవాలి. ఏ పాఠంలో నిద్రొస్తుందని పిల్లలనూ అడిగారు. లెక్కల్లోనని అందరూ ఒక్క గొంతుతో చెప్పారు. లెక్కల మాస్టరు వారం రోజులు మొహం ముడుచుకునే తిరిగాడు. చప్రాసీ కూడా వచ్చి, తన సద్ది ఇంటినుంచి ఆలస్యంగా వస్తుంది గనుక భోజనం వేళ కాస్త వెనక్కి జరపమన్నాడు. జరిపారు కూడా. నాకు మాత్రం ఇదంతా నాటకంలా కనిపించింది. ఇంతమందిని అడుగుతున్నారంటే ఎవరినో తప్పించడానికే, ఆ ఎవరో నేనే. ముందుగా రాస్తే నాది ఏ గంటో తెలుస్తుంది, తెలిస్తే తుడిచేస్తారు. మహా తెలివిగా మూడు రోజులూ సుద్ద ముట్టకుండా, ఎవరు ఎవరితో గుసగుసలాడుతున్నారో చూస్తూ ఆ బల్లకు కాపలా కాశాను.

చివరికి మిగిలింది ఆఖరి గంట. చింతకి బస్సు కదిలేది ఆ వేళకే. పెద్దసారు ఆ గడిలో తెలుగు అని రాయిస్తూ, ఇబ్బంది ఉంటే చెప్పమని నావైపు చూశారు. అనుకున్నంతా అయిందని నోరు మెదపలేదు.

ఇళ్లకు పోయేటప్పుడు ఉర్దూ చెప్పే ముసలి మౌల్వీసాబు ఆగారు. "బేటీ, ఆఖరి గంటకు నీ పోరగాండ్లు బస్సుకు ఉరుకుతరు. నా రెండో గంట నువ్వు తీస్కో. నేను ఆఖరుకు చెప్పుకుంట."

ఈయనెందుకిస్తున్నాడు? మార్పు అడిగింది తెలుగు టీచరే అని రేపు నా మీద రాయడానికా?

"ఉండనీయండి సాబ్. బల్ల మీద ఏముంటే అదే" అన్నాను.

"నీ మర్జీ బేటీ" అని ఆయన వెళ్లిపోయారు. ఆ ముఖం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

దసరా సెలవులయ్యేసరికి నా ముందు కూర్చునేది ఐదుగురు. ఆ తర్వాతి ఏడు తెలుగు తరగతి ఎత్తేశారు. పిల్లలు తగ్గారని కాగితంలో రాశారు, అందులో అబద్ధమేమీ లేదు. పిల్లలు కన్నడలో చేరారు, నన్ను నిర్ణా అనే ఊరికి బదిలీ చేశారు. ఎవరు కుట్ర చేశారా అని ఏళ్ల తరబడి ఒక్కొక్క ముఖమే తలచుకుంటూ వెతికాను. ఆ వరసలో నా ముఖం కనిపించేసరికి మౌల్వీసాబు కాలం చేశారు. మన తప్పు మనకు చూపించడం కాలం ఎన్నడూ మరిచిపోదు గాని, మన్నించమని అడగాల్సిన మనిషిని మాత్రం అందాకా ఆపి ఉంచదు.