పామాయిల్ వచ్చిన ఏడాది

నా చిన్నప్పుడు మా నాన్న ఒంగోలు శివార్లలో ఒక వేరుశనగ నూనె మిల్లులో పనిచేసేవాడు. ఆ ఏడాది మిల్లు వారంలో సగం రోజులే తిరిగింది. పై దేశాలతో ఏవో ఒప్పందాలు కుదిరాయనీ, దిగుమతి పన్ను తగ్గించారనీ, ఓడల్లో పామాయిల్ వచ్చి పడుతోందనీ నాన్న అన్నం దగ్గర కూర్చుని చెప్పేవాడు. అది మన నూనె కంటే బాగా చవక. మిల్లులో నింపిన డబ్బాలు నింపినట్టే ఉండిపోయాయి. ముందు కాయలు ఏరే ఆడకూలీలను మానిపించారు. తర్వాత ఎవరి వంతోనని మగవాళ్లకి నిద్ర పట్టేది కాదు.

ఒక సాయంత్రం అమ్మ వెంట వీధి చివర కిరాణా కొట్టుకి వెళ్లాను. అమ్మ తీసుకున్నది పామాయిల్ ప్యాకెట్. అదేంటని అడగబోయేలోపే రోడ్డు మీద అరుపులు వినిపించాయి. మిల్లు వాళ్లు గుంపుగా వస్తున్నారు. కొట్టు ముసలాయన షట్టర్ దించబోతే ఎవరో కాలు అడ్డం పెట్టారు. ప్యాకెట్ల అట్టపెట్టెను బయటికి లాగి తొక్కేశారు. నూనె మెట్ల మీదుగా కారింది. ఒకతని చేతిలో గడ్డపార ఉంది. అతని పక్కనే మా నాన్న.

నాన్న అమ్మని చూశాడు. ప్యాకెట్‌ని పైట కింద దాచుకోవడానికి అమ్మకి వ్యవధి ఉంది. దాచలేదు.

"ఏంటే అది?"

"నూనె." అమ్మ ప్యాకెట్‌ని ముందుకి చాపింది. "సగం కూలితో మీ మిల్లు నూనె ఎట్లా కొనమంటావయ్యా? ఇన్నాళ్లూ నువ్వు తిన్న కూరలు దీంతో వండినవే. పగలగొట్టాలంటే ముందు ఇది పగలగొట్టు." తర్వాత గుంపు వైపు తిరిగింది. "మీలో ఎవరింట్లో లేదో చెప్పండి."

నాన్న చెయ్యి చాచి ప్యాకెట్ అందుకున్నాడు. నేలకేసి కొడతాడనుకుని నేను అమ్మ చీర గట్టిగా పట్టుకున్నాను. ఆయన దాన్ని మా సంచిలో వేసి, కొట్టుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఒరేయ్, ఆపండిరా! ఈ ముసలాయన ఏ ఒప్పందం మీద సంతకం పెట్టాడ్రా?"

గడ్డపార అతను దాన్ని కిందికి దించాడు. మర్నాడు వాళ్లంతా కలెక్టరాఫీసు ముందు ధర్నాకి కూర్చున్నారు. ఈసారి అమ్మ, మానిపించిన ఆడకూలీలు కూడా వెళ్లారు.

మిల్లు ఆగలేదని చెప్పాలని ఉంది గానీ, వేసవి దాటకుండానే మూతపడింది. నాన్న చీమకుర్తి గ్రానైట్ క్వారీలో రాళ్లు కోసే పనికి కుదిరాడు. ఆ రాళ్లు ఓడలెక్కి పై దేశాలకే పోయేవి. ఒక ఓడ మన పని పట్టుకుపోతే ఇంకో ఓడ ఇచ్చిందని నవ్వేవాడు. ఆ దుమ్ముకి పట్టిన దగ్గు మాత్రం ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

ఇప్పుడు టీవీలో కొత్త ఒప్పందం కుదిరిందంటే, ఏం చవకవుతుందని మా పిల్లలు అడుగుతారు. అది ఇక్కడ ఎవరు చేస్తున్నారో కూడా కనుక్కోమంటాను. చవక సరుకు కొన్నవాళ్లని మాత్రం నేను తప్పుపట్టలేను. కోపం వచ్చినప్పుడు, ఎదురుగా ఉన్న మనిషే దానికి కారణమా అని ఒక్క క్షణం ఆగి చూడటం ఆ మెట్ల మీదే నేర్చుకున్నాను. ప్రతిసారీ ఆగగలిగానని మాత్రం చెప్పను.